లిఫ్ట్ వేశాం కదా, ఇంకా టైరు ఎందుకు ఒరుసుకుంటోంది?

పికప్ ట్రక్కు ముందు భాగాన్ని రెండంగుళాలు లేపారు (లిఫ్ట్ వేయడమంటే ఇదే). టైరుకీ దాని పైనున్న మడ్‌గార్డ్‌కీ మధ్య పిడికిలి దూరేంత ఖాళీ కనిపిస్తోంది. ఇంత చోటుంది కదా అని ఒక సైజు పెద్ద టైర్లు ఎక్కించారు. నిలబెట్టి చూస్తే బండి దర్జాగా ఉంది. షెడ్డులోంచి బయటికి తీద్దామని రివర్స్ వేసి స్టీరింగ్ పూర్తిగా కట్ చేయగానే ముందు చక్రం దగ్గర గర్రుమని చప్పుడు. దిగి చూస్తే పైన ఖాళీ అలాగే ఉంది. టైరు ఒరుసుకున్నది పైన కాదు, వెనక.

పెద్ద టైర్ల విషయంలో అయోమయమంతా ఇక్కడే మొదలవుతుంది. లిఫ్ట్ ఇచ్చేది నిలువు ఖాళీ. పెద్ద టైరుకు కొరత పడేది ఎక్కువగా అడ్డం ఖాళీ, అంటే చక్రం తిరిగేటప్పుడు ముందు బంపర్ వైపు, వెనక క్యాబిన్ వైపు కావలసిన చోటు. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. "రెండంగుళాల లిఫ్ట్‌కి 33 అంగుళాల టైర్లు పడతాయా?" అనే ప్రశ్నకు ఒకరు ఔననీ ఒకరు కాదనీ చెబితే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. వాళ్ల బండ్ల లిఫ్ట్ ఒకటే అయినా రిమ్‌లు వేరు.

ముందు టైరు మీది అంకెలు చూద్దాం. 265/70 ఆర్17 అని ఉంటే 265 అనేది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఒక పక్కగోడ నుంచి ఇంకో పక్కగోడ దాకా కొలిచింది. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం అని, అంటే 185.5 మిల్లీమీటర్లు. 17 అనేది రిమ్ వ్యాసం, అంగుళాల్లో. 17 అంగుళాలంటే 431.8 మిల్లీమీటర్లు. దానికి పైన ఒకటి, కింద ఒకటి పక్కగోడలు కలిపితే మొత్తం వ్యాసం 802.8 మిల్లీమీటర్లు, అంటే 31.6 అంగుళాలు.

ఇప్పుడు 285/70 ఆర్17 తీసుకోండి. చాలామంది వెడల్పు మాత్రమే పెరిగిందనుకుంటారు. కానీ 70 అనేది శాతం కాబట్టి వెడల్పుతో పాటు ఎత్తూ పెరుగుతుంది. పక్కగోడ 199.5, మొత్తం వ్యాసం 830.8 మిల్లీమీటర్లు, అంటే 32.7 అంగుళాలు. అందరూ 33 అనేది దీన్నే. అలాగే 35 అని పిలిచే 315/70 ఆర్17 లెక్కకు 34.4 అంగుళాలే వస్తుంది. మాటల్లో అంగుళాలు ఎప్పుడూ కాస్త ఉదారంగానే ఉంటాయి.

265 నుంచి 285కి మారితే వ్యాసంలో తేడా 28 మిల్లీమీటర్లు. బండి లేచేది అందులో సగం, 14 మిల్లీమీటర్లు, ఎందుకంటే యాక్సిల్ చక్రం మధ్యలో ఉంటుంది. టైరు పైఅంచు మడ్‌గార్డ్‌కి దగ్గరయ్యేది కూడా ఆ 14 మిల్లీమీటర్లే. రెండంగుళాలంటే 50 మిల్లీమీటర్లు కాబట్టి పైన బోలెడు చోటు మిగిలినట్టు కనిపించడంలో వింతేమీ లేదు.

ఆ కనిపించే చోటు కూడా పూర్తిగా నిజం కాదు. తేలికపాటి లిఫ్ట్ అంటే చాలా బండ్లలో ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఒక స్పేసర్, అంటే మందపాటి ముక్క, పెట్టడం, లేదా కాస్త పొడవైన, గట్టి స్ప్రింగు ఉన్న స్ట్రట్ వేయడం. స్ట్రట్ కింది కొస, చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే రెండు ఆర్మ్‌లలో కిందిదైన లోయర్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది. చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది. అందుకే పైన పెట్టిన స్పేసర్ అంగుళం మందం ఉంటే చక్రం దగ్గర లిఫ్ట్ బండిని బట్టి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల దాకా వస్తుంది. రెండంగుళాల కిట్ అని కొని, అందులో అంగుళం మందం ముక్క చూసి మోసపోయామనుకున్నవాళ్లు ఉన్నారు. పాపం, మోసమేమీ లేదు.

అసలు సంగతి బంప్ స్టాప్ దగ్గర ఉంది. చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు ఆర్మ్ ఎంతవరకు రావాలో ఆ రబ్బరు దిమ్మ నిర్ణయిస్తుంది. లిఫ్ట్ వేసినా అది ఉన్నచోటే ఉంటుంది. అంటే బండి నిలబడి ఉన్నప్పుడు మాత్రమే చక్రం మడ్‌గార్డ్‌కి దూరం జరిగింది. పెద్ద గుంతలో సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు చక్రం వచ్చి ఆగే చోటు కంపెనీ బండిలో ఎక్కడో ఇక్కడా అక్కడే. అప్పుడు పెద్ద టైరు కంపెనీ టైరు కంటే 14 మిల్లీమీటర్లు పైకి చొచ్చుకుపోతుంది. లిఫ్ట్ ఆ క్షణంలో ఏమీ ఆదుకోదు. 33 టైర్లకు ఆ 14 మిల్లీమీటర్లు మామూలుగా సర్దుకుంటాయి, ఎందుకంటే కంపెనీలు మంచు గొలుసులకీ బురదకీ కొంత చోటు వదిలే పెడతాయి. అసలు సిసలు 35 అంగుళాల టైరు అయితే పైకి చొచ్చుకుపోయేది 43 మిల్లీమీటర్లు. అది సర్దుకునే సంగతి కాదు.

బాడీ లిఫ్ట్ దీనికి మినహాయింపు. అందులో ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపుతారు. సస్పెన్షన్ జోలికి పోరు. అప్పుడు చక్రం పూర్తిగా పైకి వచ్చినా మడ్‌గార్డ్ నిజంగానే దూరంగా ఉంటుంది. కాకపోతే ఛాసిస్, దానికి బిగించిన భాగాలు ఉన్నచోటే ఉంటాయి. స్టీరింగ్ జాయింట్, ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు, బంపర్ వరస, ఇలా ఒకదాని వెంట ఒకటి సర్దుకుంటూ పోవాలి. తేలికపాటి మార్పు కోరుకునేవాళ్లకు అది తలనొప్పే.

మూల తగిలే చోటు

బీరువాను ఇరుకు గదిలో తిప్పిన వాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. నేరుగా పెడితే గోడకీ గోడకీ మధ్య సరిగ్గా పట్టే బీరువా, తిప్పబోతే మూల తగిలి ఇరుక్కుంటుంది. టైరుకూ మూలలున్నాయి. పక్కనుంచి చూస్తే గుండ్రంగా కనిపించినా పైనుంచి చూస్తే టైరు ఒక పొడవాటి దీర్ఘచతురస్రం. స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ చతురస్రం మూలలే బయటికి చొచ్చుకొస్తాయి.

అది దేని చుట్టూ తిరుగుతుంది? ఆర్మ్‌ల చివర కీళ్లలా పైన, కింద ఉన్న రెండు బాల్ జాయింట్లను కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. తలుపు బందుల మీద తిరిగినట్టు చక్రం ఆ గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత టైరుకు సరిగ్గా మధ్యలో ఉండదు, యాక్సిల్ ఎత్తులో చూస్తే బండి లోపలి వైపు జరిగి ఉంటుంది. అందుకే టైరు బయటి అంచు మూలలు ఎక్కువ దూరం తిరుగుతాయి. ఎడమకు కట్ చేస్తే ఎడమ చక్రం వెనకభాగం లోపలికి వస్తుంది. ఆ క్రమంలో దాని బయటి మూల సరిగ్గా వెనక్కి, క్యాబిన్ వైపు చొచ్చుకుపోతుంది. అదే సమయంలో కుడి చక్రం ముందుభాగం లోపలికి తిరుగుతూ దాని బయటి మూల బంపర్ వైపు పోతుంది. రివర్స్‌లో ఎడమకు తిప్పితే ఎడమ చక్రం వెనక చప్పుడు వినిపించడానికి కారణం ఇదే.

అంకెలు వేసి చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. టైరు మధ్యగీత ఆ తిరుగుడు గీత నుంచి 60 మిల్లీమీటర్లు బయటికి ఉందనుకుందాం (బండిని బట్టి ఇది మారుతుంది, లెక్క పద్ధతి మారదు). పాత 265 టైరులో బయటి మూల ఆ గీత నుంచి సుమారు 445 మిల్లీమీటర్ల దూరంలో తిరుగుతుంది. అదే రిమ్ మీద 285 టైరు వేస్తే 462. తేడా దాదాపు 17 మిల్లీమీటర్లు. ఇంతవరకు చాలా బండ్లు ఓర్చుకుంటాయి, మహా అయితే లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని కాస్త వెనక్కి నొక్కాలి.

ఇప్పుడు అదే టైరుకి, చూడ్డానికి బాగుంటుందని, 30 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చే కొత్త రిమ్ వేశారనుకోండి. మూల 476 మిల్లీమీటర్ల దూరంలో తిరుగుతుంది. పాత దానితో తేడా 31. అంటే టైరు సైజు ఎంత చోటు తిన్నదో దాదాపు అంత చోటు రిమ్ కూడా తిన్నది. టైరు మార్చినందుకు వచ్చిందనుకున్న సమస్యలో సగం రిమ్ మార్చినందుకు వచ్చింది.

ఈ రిమ్ కొలతనే ఆఫ్‌సెట్ అంటారు. రిమ్ వెడల్పుకు నడిమి గీత ఒకటి ఉంటుంది, హబ్‌కు (బండి వైపు రిమ్ బిగించే భాగానికి) ఆనుకునే ముఖం ఒకటి ఉంటుంది. ఈ రెంటి మధ్య దూరమే ఆఫ్‌సెట్. ఆ ముఖం బయటి వైపుకు ఉంటే ప్లస్, లోపలి వైపుకు ఉంటే మైనస్. ప్లస్ ఎక్కువైతే చక్రం బండి లోపలికి, తక్కువైతే బయటికి. ప్లస్ 30 నుంచి సున్నాకు వస్తే చక్రం 30 మిల్లీమీటర్లు బయటికి జరిగినట్టు. హబ్‌కీ రిమ్‌కీ మధ్య స్పేసర్ పెట్టినా ఫలితం ఇదే.

మరి కంపెనీ ఆఫ్‌సెట్‌ని అలాగే ఉంచేయొచ్చు కదా అంటే, అక్కడ ఇంకో చిక్కు. లోపలి వైపు కూడా టైరు 10 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. కొన్ని బండ్లలో పక్కగోడ వెళ్లి పైనున్న అప్పర్ ఆర్మ్‌కో, హబ్‌ని పట్టి ఉంచే స్టీరింగ్ నకిల్‌కో, పూర్తిగా కట్ చేసినప్పుడు బండి ఒరగకుండా ఆపే స్వే బార్‌కో తగులుతుంది. అంచేత లోపల తగలకుండా ఎంత అవసరమో అంత మాత్రమే, పదో పదిహేనో మిల్లీమీటర్లు, బయటికి జరపడం తెలివైన పని. మడ్‌గార్డ్ దాటి టైరు బయటికి కనిపించాలని ముచ్చటపడేవాళ్లను ఆపలేం. ఆ ముచ్చటకు చెల్లించేది మాత్రం క్యాబిన్ వైపు చోటుతోనూ, హబ్ బేరింగుల మీద పెరిగే బరువుతోనూ, గుంతల రోడ్డు మీద స్టీరింగ్ చేతుల్లో ఎగరడంతోనూ.

టైరు భుజం ఆకారం కూడా ఇక్కడ తేడా చూపిస్తుంది. సైజు ఒకటే అయినా ఆల్ టెరైన్ టైరు భుజాలు గుండ్రంగా జారి ఉంటే పడుతుంది. మడ్ టెరైన్ టైరుకి పక్కగోడ మీదకు పాకిన దిమ్మలుంటే అదే బండిలో తగులుతుంది. రిమ్ వెడల్పు అర అంగుళం పెంచితే టైరు వెడల్పు కూడా సుమారు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. కాబట్టి "నా బండికి పట్టాయి" అని ఎవరైనా చెబితే ముందు ఏ కంపెనీ టైరు, ఏ రకం, రిమ్ వెడల్పెంత, ఆఫ్‌సెట్ ఎంత అని అడగాలి. లిఫ్ట్ ఎంత అన్నది ఆ తర్వాతే.

అలైన్‌మెంట్‌తో తెచ్చుకునే చోటు

ముందు భాగం లేపితే ఆర్మ్‌ల కోణాలు మారి క్యాస్టర్ తగ్గుతుంది. క్యాస్టర్ అంటే పక్కనుంచి చూసినప్పుడు ఇందాకటి తిరుగుడు గీత వెనక్కి ఎంత వాలి ఉందన్నది. అది తగ్గితే స్టీరింగ్ తనంతట తాను నిటారుగా రావడానికి బద్ధకిస్తుంది, వేగంలో బండి అటూ ఇటూ తారాడుతుంది. లిఫ్ట్ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి అనేది అందుకే. అది చేయించకపోతే టో (రెండు ముందు చక్రాలు ఒకదానికొకటి ఎంత సమాంతరంగా ఉన్నాయన్నది) కూడా చెడి కొత్త టైర్లు ఒక అంచున అరిగిపోతాయి.

అయితే ఈ అలైన్‌మెంట్‌లోనే మనకు కావలసిన చోటు కొంత దొరుకుతుంది. లోయర్ ఆర్మ్ దగ్గరి క్యామ్ బోల్ట్‌లు తిప్పి కింది బాల్ జాయింట్‌ని ముందుకు జరిపితే క్యాస్టర్ పెరుగుతుంది. దాంతోపాటు చక్రమంతా కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. క్యాబిన్ వైపు తగులుతున్న బండికి ఇది ఉచితంగా దొరికిన చోటు. అదే క్యాస్టర్‌ని అప్పర్ ఆర్మ్ వెనక్కి లాగి పెంచితే ఆ లాభం రాదు. పని చేసే మెకానిక్‌కి "క్యాస్టర్ సరిచేయండి" అని వదిలేయకుండా "చక్రం ముందుకు జరిగేలా సరిచేయండి" అని చెప్పాలి. మరీ ముందుకు జరిపితే బంపర్ వైపు తగులుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

రెండు, రెండున్నర అంగుళాలు దాటితే కంపెనీ అప్పర్ ఆర్మ్‌తో క్యాస్టర్, క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం పక్కకు ఎంత వాలి ఉందన్నది) సరైన హద్దులోకి రావడం కష్టం. బాల్ జాయింట్ కోణం కూడా మితిమీరుతుంది. ముందు చక్రాలకు శక్తినందించే షాఫ్ట్‌లు కిందికి ఎక్కువ వాలి, వాటి కీళ్లయిన సీవీ జాయింట్ల మీది రబ్బరు బూట్లు (తొడుగులు) మడతల దగ్గర ఒరుసుకుని చిరుగుతాయి. బూటు చిరిగితే గ్రీజు పోతుంది, మట్టి చేరుతుంది, ఆ తర్వాత జాయింట్ ఎంతో కాలం ఉండదు. తేలికపాటి లిఫ్ట్ రెండంగుళాల దగ్గర ఆగిపోవడానికి కారణం ఈ భాగాలే.

కోయడం, కొట్టడం

అన్నీ చేశాక కూడా తగులుతుంటే అప్పుడు కత్తెర తీయాలి. ఇక్కడ వరస ముఖ్యం. మొదట మడ్‌ఫ్లాప్‌లు తీసేసి చూడండి, చాలాసార్లు తగిలేది అవే. తర్వాత లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని హీట్ గన్‌తో వేడిచేసి వెనక్కి నొక్కి పట్టి చల్లారనిస్తే ఆ ఆకారంలో నిలిచిపోతుంది. బంపర్ కింద వేలాడే ప్లాస్టిక్ అంచు కోయొచ్చు. మడ్‌గార్డ్ వెనకాల రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన అంచు నిటారుగా పొడుచుకుని ఉంటుంది. దాన్ని సుత్తితో వెనక్కి మడిచి, వెంటనే తుప్పు పట్టకుండా పెయింట్ వేయాలి. ఆ పెయింట్ మరిచిపోయిన అంచు తుప్పు తిని పోతే లోపలికి నీళ్లు పోతాయి.

ఆఖరిది క్యాబ్ మౌంట్. క్యాబిన్‌ని ఛాసిస్‌కి బిగించే ఇనుప దిమ్మ చాలా పికప్‌లలో ముందు చక్రం వెనకాలే ఉంటుంది. దాని మూల కోసి, కొత్త రేకు పెట్టి వెల్డ్ చేయడం టయోటా టకోమా పికప్ యజమానుల్లో అలవాటైన పని. మూడో తరం టకోమా ఆఫ్‌రోడ్ మోడల్‌కి కంపెనీ ఇచ్చింది 265/70 ఆర్16, అంటే 30.6 అంగుళాలు. దానికి 285/70 ఆర్17 వేయాలంటే ఒక్కసారిగా రెండంగుళాలకు పైగా పెరుగుదల. లిఫ్ట్ ఎంత ఉన్నా అక్కడ క్యాబ్ మౌంట్ అడ్డొస్తుంది. అదే జీప్ గ్లాడియేటర్ రూబికాన్ పికప్ అయితే 285/70 ఆర్17 టైర్లతోనే కంపెనీ నుంచి వస్తుంది. ఒకరికి వెల్డింగ్ పనైన సైజు ఇంకొకరికి షోరూమ్ సైజు.

ఫోర్డ్ మొదటి ఎఫ్-150 రాప్టర్‌ని 2010 మోడల్‌గా తెచ్చినప్పుడు 315/70 ఆర్17 టైర్లు ఇచ్చింది. వాటికోసం మామూలు ఎఫ్-150 కంటే పొడవైన ఆర్మ్‌లు వేసి, ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం పెంచి, మడ్‌గార్డ్‌లు వెడల్పు చేసింది. అంత పెద్ద సంస్థ ఇంజనీర్లు కూడా పెద్ద టైరు కోసం బండిని ఎత్తడంతో సరిపెట్టలేదు, చుట్టూ చోటు చేశారు. 35 టైర్ల మీద మనసు పడినవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

పికప్‌కి పికప్ తగ్గితే

టైరు పట్టింది. ఇప్పుడు నడపాలి. పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. 31.6 నుంచి 32.7 అంగుళాలకు మారితే ఆ తేడా 3.5 శాతం. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే నిజంగా 103.5లో పోతున్నట్టు. నిండు 35 అంగుళాల టైరైతే దాదాపు 111. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన పాటించే దేశాల్లో స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. అందుకని కంపెనీలు కాస్త ఎక్కువే చూపేలా పెడతాయి. 33 టైర్లు వేశాక జీపీఎస్‌తో పోల్చి చూసి "ముందుకంటే ఇప్పుడే సరిగ్గా ఉంది" అని ఆశ్చర్యపోయేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

ఓడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది. మీటరు మీద 500 కిలోమీటర్లు తిరిగినట్టుంటే నిజానికి తిరిగింది 517. మైలేజీ పడిపోయిందని టెన్షన్ పడే ముందు ఈ దిద్దుబాటు చేసుకోవాలి. పడిపోవడం నిజమే, మీటరు చెప్పినంత కాదు.

గేర్ల మీద ప్రభావం కూడా ఇంతే. యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్నది) 3.73 ఉన్న బండికి 33 టైర్లు వేస్తే అది 3.60 ఉన్నట్టు నడుస్తుంది. ఎక్కుడులో గేరు కాస్త ముందుగా దిగుతుంది. 35 వేస్తే 3.37 ఉన్నట్టు. పాత పికప్ తిరిగి కావాలంటే 4.10 రేషియోకి ముందు వెనక డిఫరెన్షియల్ గేర్లు మార్పించాలి. 33కి ఆ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. బరువు లాగేవాళ్లయితే వేరే సంగతి.

దీనికంటే మనిషికి ముందుగా తెలిసేది టైరు బరువు. గట్టి పక్కగోడలున్న ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైరు మామూలు టైరు కంటే ఐదారు కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తూగుతుంది. ఆ బరువులో చాలా భాగం చుట్టూ అంచున ట్రెడ్‌లో ఉంటుంది. అంచున ఉన్న బరువును ముందుకు తోయడమే కాకుండా గిరగిరా తిప్పాలి కూడా. అందువల్ల వేగం పెంచేటప్పుడు అది దాదాపు రెండింతలు బరువున్నట్టు పనిచేస్తుంది. నాలుగు టైర్లకు కలిపి 24 కిలోలు పెరిగితే ఇంజన్‌కి అది 48కి దగ్గరగా అనిపిస్తుంది. బ్రేకులకూ అంతే. దానికి తోడు టైరు వ్యాసార్థం పెరిగినందుకు అదే బ్రేకు పట్టు రోడ్డు దగ్గర 3.4 శాతం తగ్గుతుంది. బండి ఆగదని కాదు, పెడల్ ఇంకొంచెం నొక్కాల్సి వస్తుంది. బరువు వేసుకుని దిగుడు దిగేటప్పుడు తేడా తెలుస్తుంది.

గాలి విషయంలో చాలామంది తప్పు చేస్తారు. డోరు దగ్గర అంటించిన కాగితం మీది పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి అంకె) కంపెనీ టైరుకు చెప్పింది. ఉదాహరణకు 115 లోడ్ సూచిక ఉన్న మామూలు టైరు 1215 కిలోలు మోస్తుంది, అదీ దాదాపు 35 పీఎస్‌ఐ దగ్గరే. 285/70 ఆర్17 ఎల్‌టీ టైరుకి సూచిక 121, అంటే 1450 కిలోలు, కానీ ఆ అంకె 80 పీఎస్‌ఐ దగ్గర. 35 పీఎస్‌ఐ దగ్గర అది మోసేది చాలా తక్కువ. కాబట్టి పాత అంకె కొట్టించి బరువు వేస్తే టైరు వేడెక్కుతుంది. అలాగని ఖాళీ బండికి 80 కొట్టిస్తే ఎగిరెగిరి పడుతుంది, ట్రెడ్ మధ్యలో అరిగిపోతుంది. టైరు కంపెనీల లోడ్ పట్టిక చూసి బండి బరువుకు తగ్గ అంకె పట్టుకోవడమే సరైన దారి. ఇక రోజువారీ వాడకానికి సుద్దముక్క పద్ధతి ఉంది. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దతో గీసి, నేరుగా కొంత దూరం నడిపి చూడండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. పట్టిక చెప్పిన కనీసం కంటే మాత్రం దిగొద్దు.

లిఫ్ట్‌తో ముందు భాగం లేచింది కాబట్టి హెడ్‌లైట్లు కూడా పైకి చూస్తుంటాయి. వాటిని దించకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి. ముందు కెమెరా, రాడార్ ఆధారంగా తనంతట తాను బ్రేకు వేసే బండ్లలో వాటినీ మళ్లీ సరిచేయించాలి. చట్టం, ఇన్సూరెన్స్ ఎంత మార్పును ఒప్పుకుంటాయన్నది దేశానికో తీరుగా ఉంటుంది. టైర్లు కొనకముందే కనుక్కోవాలి.

ఇంత చెప్పాక లిఫ్ట్ ఎందుకు, పెద్ద టైరు ఎందుకు అనిపించొచ్చు. కమాన్ పట్టీల మీద నిలిచే వెనక యాక్సిల్ ఉన్న పికప్‌లో నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది వెనక డిఫరెన్షియల్ గుండు. లిఫ్ట్ వేస్తే ఛాసిస్ లేస్తుంది, బాడీ లేస్తుంది, ఆ గుండు మాత్రం కదలదు, ఎందుకంటే అది చక్రాలతో పాటే ఉంటుంది. దాన్ని రాళ్లకు తగలకుండా లేపగలిగింది పెద్ద టైరు ఒక్కటే. 14 మిల్లీమీటర్లే అయినా అది నిజమైన 14 మిల్లీమీటర్లు. మెత్తటి నేల మీద పొడవైన టైరు ఎక్కువ నేలను పట్టుకుంటుంది, గుంత అంచును తేలిగ్గా ఎక్కుతుంది. ఈ పనులు నిజంగా చేసేవాళ్లకు పెద్ద టైరు వల్ల దక్కేది ఉంది.

కొనేముందు ఒక్క టైరు రిమ్‌కి ఎక్కించి ముందు చక్రం స్థానంలో బిగించి చూడమని అడగండి. ముందు స్టీరింగ్‌ని ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పండి. తర్వాత ఆ చక్రాన్ని ర్యాంప్ మీదకో గట్టు మీదకో ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్న స్థితిలో మళ్లీ తిప్పండి. అసలు పరీక్ష అదే. నాలుగు టైర్లూ వేశాక కట్ చేసి ఉంచి ముందుకు పోతూ బ్రేకు వేసి చూడండి. బ్రేకు వేసినప్పుడు బుష్‌లు నొక్కుకుని చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, నిలబడి ఉన్నప్పుడు తగలనిది అప్పుడు తగులుతుంది. మొదటి వంద కిలోమీటర్లకు చక్రాల నట్లు మళ్లీ టార్క్ చూసి బిగించండి. ఆ తర్వాత లైనర్ లోపల టార్చి వేసి చూస్తే ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ ప్లాస్టిక్ నల్లగా మెరుస్తూ ఉంటుంది. అప్పుడప్పుడూ మెత్తగా ఒరుసుకునే ప్లాస్టిక్‌తో బతికేయొచ్చు. ఇనుము తగిలిన గుర్తు కనిపిస్తే మాత్రం బండిని అక్కడే ఆపాలి, పక్కగోడ తెగితే అతుకు పడదు.

చివరికి స్టెప్నీ. నాలుగు టైర్లు మార్చి ఐదోది పాతదే ఉంచేవాళ్లే ఎక్కువ. నాలుగు చక్రాల డ్రైవ్‌లో ఒక చక్రం వ్యాసం 3.4 శాతం తక్కువైతే గట్టి రోడ్డు మీద ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె), డిఫరెన్షియల్ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. అలాంటి స్టెప్నీతో టూవీల్ డ్రైవ్‌లో, అదీ మెల్లగా, దగ్గరి దూరమే పోవాలి. ఐదో టైరు కూడా కొత్త సైజుదే కొంటే దాని చోటు ట్రక్కు బెడ్ కింద. 33 చాలా బండ్లలో అక్కడ పడుతుంది. 35 తరచూ ట్రైలర్ తగిలించే హిచ్‌కో సైలెన్సర్‌కో తగిలి సరిగా పైకి ఎక్కదు. టేపు పట్టుకుని ముందు అక్కడ కొలవండి.